మాత్ర యొకటి, వినియోగములు రెండు

సంతానము కోరి వచ్చిన స్త్రీకి సంతానము కలుగకుండ జేయు మాత్రను మొదట చేతికిచ్చుట నేటి వైద్యమున సామాన్యమైన ఆచారమైనది. గుంటూరులో గాని హైదరాబాదులో గాని సంతాన సాఫల్య కేంద్రమని పలక గట్టుకొన్న వైద్యశాలకు పోయి, టెస్ట్ ట్యూబ్ పద్ధతికి సిద్ధపడిన దంపతులలో పలువురకు, సూదిమందులు ప్రారంభించుటకు ముందు రెండు మూడు వారములపాటు గర్భనిరోధక మాత్రలు మ్రింగవలసినదని చీటి వ్రాసి యిచ్చుచుందురు. ఆ చీటితో తెచ్చిన మాత్రలను చూచి, "పిల్లలు కావాలని పోతే పుట్టకుండా మాత్రలిచ్చారేమిటే?" అని అత్తగారు కోడలి నడిగినచో, ఆ ప్రశ్నను అజ్ఞానమని త్రోసిపుచ్చుటకు నా మనస్సంగీకరింపదు. అందు వైద్యుడు సమాధానము చెప్పదగిన భాగము కొంత కలదు, అది చిన్నది. ధర్మజిజ్ఞాసువు సమాధానము చెప్పదగిన భాగము వేరొకటి కలదు. అది ప్రాచీనమైనది, కఠినమైనది. సాధ్యమునకు విరుద్ధముగా గోచరించు సాధనము ధర్మ్యము కాగలదా? కాగలిగినచో, దానిని ధర్మ్యముగా జేయునది దాని స్వభావమా, కర్త యొక్క సంకల్పమా, లేక ఈ రెంటికిని వెలుపల నున్న మరియొకటియా?

వైద్యభాగమును త్వరగా ముగించెదను. మెదడు క్రింద నుండు పిట్యూటరీ గ్రంథి నెలనెలా రెండు హార్మోనులను స్రవించి అండాశయమును మేల్కొలుపును. మాత్రలోని ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అను ద్రవ్యములు రక్తమున నున్నంతకాలము ఆ గ్రంథి మిన్నకుండును. అండములు ఎదుగవు, విడుదల కావు. మాత్ర నాపిన కొలది దినములకు గ్రంథి మరల పనికి పూనుకొనగా, అంతవరకు అణగియున్న ఫాలికిళ్లు, అనగా అండములు పెరుగు తిత్తులు, ఇంచుమించు ఒక్కమారే ఎదుగ నారంభించును. అండములను సేకరించు దినమును ముందుగా నిర్ణయించుకొనుట వైద్యున కప్పుడు సులభమగును. అండాశయమున నీటిబుడగలు మిగిలియుండుటయు తగ్గును. ఋతుక్రమము తప్పినవారికి బహిష్టు రప్పించి చికిత్సకు మొదటి దినమును ఏర్పరచుటయు దీనివలన సాధ్యమగును. ఇంతియే.

కాని యీ ఆలోచన ఎవరి బుద్ధిలో మొలచినదని విచారించినచో, చరిత్ర మనము ఊహింపని చోటికి కొనిపోవును. సంతానచికిత్సకై వచ్చిన స్త్రీలకు నిరోధక మాత్రను తరువాతి కాలమున ఎవరో తెచ్చి యిచ్చిరనుకొందుము గదా. నిజమునకు ఆ మాత్ర తొలిదశలో పరీక్షింపబడినదే సంతానము లేని స్త్రీలపైన.

అమెరికాలో బోస్టన్ నగరమునకు చేరువనున్న బ్రూక్‌లైన్‌లో జాన్ రాక్ అను స్త్రీవైద్యుడుండెను. 1890లో జన్మించిన కేథలిక్కు. ప్రతిదిన ప్రాతఃకాలమున చర్చిలో పూజకు పోవువాడు. ఐదుగురు బిడ్డల తండ్రి. బిడ్డలు లేనివారికి బిడ్డలను కలిగించుటయే ఆయన ముఖ్యవృత్తి. మానవాండమును శరీరమునకు వెలుపల, గాజుపాత్రలో, ఫలదీకరింప జేసితిమని 1944లో ఆయనయు ఆయన సహాయకురాలు మిరియమ్ మెంకిన్‌యు ప్రకటించిరి. 1978లో ఇంగ్లండున లూయీస్ బ్రౌన్ పుట్టుకకును, అదే యేట కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన దుర్గ యను శిశువు పుట్టుకకును పూర్వరంగమైన ప్రయత్నములలో అది ముఖ్యమైనది. అట్టివాడు 1950 తరువాతి తొలి సంవత్సరములలో, గర్భము నిలువక నిరాశ చెందిన 80 మంది స్త్రీలకు కొన్ని మాసములపాటు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ ఇచ్చి, వారి అండాశయములకు బలవంతముగా విశ్రాంతి కలిగించి, పిదప మందు నాపి చూచెను. వారిలో 13 మంది కొలది మాసములలో గర్భవతులైరి. ఈ ఫలమునకు వైద్యులు రాక్ రీబౌండ్ అని పేరుపెట్టిరి. మందు పుచ్చుకొనని స్త్రీలతో సరిపోల్చి చూడలేదు గనుక నేటి శాస్త్రము దీనిని నిరూపణగా అంగీకరింపదు. అయినను, నిరోధము గర్భమునకు ద్వారము కావచ్చునను ఆశకు ఇది మూలము.

ఆ స్త్రీల అవస్థను తలచుకొనినప్పుడు మనస్సు చివుక్కుమనును. మందు వాడుచున్నన్నాళ్లు వారికి బహిష్టు ఆగెను, వేవిళ్లు పుట్టెను, స్తనములు బరువెక్కెను. ఇది మందు ప్రభావమే యని చెప్పుచున్నను, ఏండ్లతరబడి ఎదురుచూచిన ఆ తల్లులలో కొందరు తమ కడుపు పండినదనియే నమ్మిరి. మందు ఆపిన పిమ్మట వారికి కలిగిన దుఃఖము సామాన్యము కాదు. అప్పుడు గ్రెగరీ పింకస్ అను శాస్త్రజ్ఞుడు, మాసమునకు ఇరువది దినములు మాత్రమే మందిచ్చి, నడుమ విరామమున బహిష్టు కానిచ్చు పద్ధతిని సూచించెను. నేడు మన ప్రాథమికారోగ్య కేంద్రములలో ఉచితముగా పంచు మాలా-ఎన్ అట్టవరకు ఆ నెలసరి విరామము సాగివచ్చినది. దానిని నిత్యము చూచుచున్నవారిలో ఎందరకు ఈ పూర్వకథ తెలియును?

రాక్‌కు కావలసినది గర్భము. పింకస్‌కు, ఆయనను ప్రోత్సహించిన మార్గరెట్ శాంగర్‌కు, ధనమిచ్చిన కేథరిన్ మెక్‌కార్మిక్‌కు కావలసినది గర్భనిరోధము. మసాచుసెట్స్ రాష్ట్రమున నాడు గర్భనిరోధక సాధనములను పంచుట నేరము. కాబట్టి సంతానచికిత్స యను పేరు పరిశోధనకు రక్షాకవచ మాయెను. ఒకే వైద్యశాల, ఒకే స్త్రీలు, ఒకే మందు. సంకల్పములు మాత్రము పరస్పర విరుద్ధములు. 1957లో ఎనోవిడ్ అను మాత్రను ఋతుదోషముల చికిత్సకును, 1960లో గర్భనిరోధమునకును అమెరికా ప్రభుత్వ మనుమతించెను.

రాక్ విశ్వసించిన చర్చి ఈ మాత్రను గూర్చి పలికినది. 1958 సెప్టెంబరులో, తన మరణమునకు నెలదినములలోపల, పన్నెండవ పయస్ పోపు రక్తవ్యాధుల వైద్యులతో ప్రసంగించుచు, గర్భము వలదను తలంపుతో గాక, శరీరమునకు గాని గర్భాశయమునకు గాని అవసరమైన ఔషధముగా వైద్యుని సలహాపై స్త్రీ ఈ మందును పుచ్చుకొన్నచో, దానివలన తాత్కాలికముగా కలుగు వంధ్యత్వము పరోక్షమైనదనియు, అది దోషము కాదనియు తీర్పుచెప్పెను. పదేండ్ల తరువాత ఆరవ పాల్ పోపు హ్యూమనే వీటే యను లేఖలో నిరోధమును పూర్తిగా నిషేధించియు, చికిత్సార్థమైన వాడుకను మాత్రము విడిచిపెట్టెను. ఈ తీర్పులకు వెనుకనున్న తర్కము 13వ శతాబ్దివాడైన థామస్ అక్వినాస్ ఆత్మరక్షణను గూర్చి చేసిన విచారణనుండి ఎదిగినది. ఒక కర్మకు రెండు ఫలములుండవచ్చును. అందొకటి ఉద్దేశింపబడినది, రెండవది ఉద్దేశమునకు వెలుపల నుండునది. రెండవది చెడ్డదైనను కర్మ దుష్టము కానక్కరలేదు. తరువాతి పండితులు దీనికొక కఠిననియమము చేర్చిరి: చెడుఫలము మంచిఫలమునకు సాధనము కాకూడదు.

రాక్ చికిత్సకు ఈ న్యాయమును అన్వయించి చూడుడు. గర్భాశయమున తీవ్రమైన నొప్పికో రక్తస్రావమునకో మాత్ర నిచ్చినప్పుడు అండము విడుదల కాకపోవుట నిజముగా పార్శ్వఫలము. కాని సంతానార్థియైన స్త్రీకి ఇచ్చినప్పుడు అండాశయము నిద్రించుట పార్శ్వఫలము కాదు. అదియే ఔషధము, అదియే ఉపాయము. కనుక నిరోధము స్వభావముచేతనే దుష్టమైనచో, సత్ఫలమునకై దోషము నాచరించినట్లగును. దానిని ఆ శాస్త్రమే నిషేధించుచున్నది. చర్చి పండితులకు ఇందుకు ఉత్తరము లేకపోలేదు. నిరోధమనగా అండాశయము నిద్రించుట కాదు, దాంపత్యకర్మను బుద్ధిపూర్వకముగా నిష్ఫలము చేయుట యని వారందురు. సమర్థమైన ఉత్తరమే, కాని ఆ మాటతో దోషము ద్రవ్యమును విడిచి, శరీరవ్యాపారమును విడిచి, సంపూర్ణముగా సంకల్పమును ఆశ్రయించినది. సంకల్పమొక్కటే ప్రమాణమైనచో, బ్రూక్‌లైన్ వైద్యశాలలో ఒకే సీసాలోని మందు రాక్ చేతిలో పుణ్యము, పింకస్ చేతిలో పాపము కావలెను. దానిని మ్రింగిన స్త్రీకి ఈ రెంటిలో ఏది సంక్రమించినదో ఎవరు చెప్పగలరు? పైగా 1987లో వాటికన్ వెలువరించిన డోనుమ్ వీటే యను ఉపదేశపత్రము, దేహమునకు వెలుపల జరుగు ఫలదీకరణమును నిషేధించినది. అనగా పూర్వాంగమైన మాత్ర చికిత్సగా అనుమతింపబడి, దానికి ప్రధానమైన సంతానోపాయము నిషిద్ధమై నిలిచినది! మాత్ర ప్రకృతి చేయు పనినే అనుకరించుచున్నది గనుక ధర్మ్యమేనని 1963లో గ్రంథము వ్రాసి వాదించిన రాక్, 1968 నాటి నిషేధము తరువాత కొంతకాలమునకు చర్చికి పోవుట మానుకొని, 1984లో మరణించెను.

మనవారి మాట యేమి? హార్మోనులు వేదములలో నున్నవని చెప్పువారితో నాకు పొత్తు లేదు. కాని ఫలము కోరి, ఆ ఫలమునకు ప్రత్యక్షసాధనమైన దానినే కొంతకాలము విడిచియుండుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. భాగవతము అష్టమస్కంధమున, రాజ్యము కోల్పోయిన కొడుకులను జూచి దుఃఖించు అదితికి కశ్యపుడుపదేశించిన పయోవ్రతమును స్మరింపుడు. ఫాల్గున శుక్లపక్షమున పన్నెండు దినములు పాలు మాత్రమే ఆహారముగా, నేలపై శయనించుచు, బ్రహ్మచర్యము పాటించుచు చేయవలసిన వ్రతమది. దాని ఫలముగా వామనుడు జనించినాడు. సంతానముకొరకు దాంపత్యనిరోధము! చరకసంహిత శారీరస్థానమున గర్భాధానమునకు ముందు స్త్రీపురుషులిరువురకు వమనవిరేచనాది శోధనములు విహితములైనవి. శరీరమును నింపుటకు ముందు రిక్తము చేయుట వారి క్రమము. వీనిలో నేదియు మాత్రకు ప్రమాణము కాదు. నిరోధమును సంతానమునకు వైరిగా మాత్రమే చూచు దృష్టి మన పూర్వులకు అనివార్యము కాలేదనుటకు మాత్రము ఇవి సాక్ష్యములు. సాధనము విత్తు, సాధ్యము చెట్టు, విత్తునుబట్టియే చెట్టు, అని 1909లో హింద్ స్వరాజ్‌లో వాదించిన గాంధీ మహాత్ముడు, 1935లో వార్ధాకు వచ్చిన మార్గరెట్ శాంగర్ ఎంత వాదించినను కృత్రిమ నిరోధమున కంగీకరింపక బ్రహ్మచర్యమునే చెప్పెను. ఆయన వాదమునుబట్టి మన అత్తగారి ప్రశ్నకు బలము చేకూరునట్లు పైకి దోచును. కాని సాధనసాధ్యముల సాజాత్యమును ఒక్కొక్క క్రియను విడదీసి వెదకినచో, అదితి వ్రతము సయితము ఆ పరీక్షకు నిలువదు.

విడదీయరాదని చెప్పి, ఎట్లు కూర్చవలెనో నేర్పిన శాస్త్రము పూర్వమీమాంస. యజ్ఞములను గూర్చిన ఆ శాస్త్రమున సంతానచికిత్సకు పనికివచ్చు దేమున్నదని పాఠకుడు సందేహింపవచ్చును. ఒక నిమిషము ఓపిక పట్టవలయును. యజ్ఞమున వందలకొలది చిన్నపనులుండును: దంచుట, చెరుగుట, నీరు తెచ్చుట, దర్భ కోయుట. ఈ ఒక్కొక్క పనికి ప్రత్యేకముగా పుణ్యమున్నదా? లేదు. పరార్థమై యుండునది శేషము, దేనికొరకు అది యున్నదో అది శేషి, అని జైమిని మూడవ అధ్యాయమున విచారించెను. ఫలవంతమైన కర్మకు సన్నిధిలో, స్వతంత్రఫలము లేకుండ నున్న క్రియ దానికి అంగమగును. దీనిని తెలుపు విధికి వినియోగవిధి యని పేరు. మంచిచెడ్డలు అడుగవలసినది అంగమును వేరుచేసి కాదు. ఆ వినియోగమును గూర్చి.

నాలుగవ అధ్యాయమున విచారణ మరింత సూక్ష్మమగును. కొన్ని క్రతువు కొరకైనవి, క్రత్వర్థములు. కొన్ని మనుష్యుని కోరికకొరకైనవి, పురుషార్థములు. ఒకే ద్రవ్యము రెండును కావచ్చునా? అగ్నిహోత్రమున పెరుగుతో హోమము విహితమైనది. ఇంద్రియపటుత్వము కోరువానికిని పెరుగుతోనే హోమము విహితమైనది. పెరుగొకటే. కాని రెండు వాక్యములు దానిని రెండు వేర్వేరు ప్రయోజనములతో సంయోగపరచినవి గనుక, అది ఒకచోట క్రతువునకును, వేరొకచోట పురుషునకును ఉపకరించును. దీనికి సంయోగపృథక్త్వన్యాయమని పేరు. పెరుగు స్వభావములో ఈ భేదము లేదు. హోమము చేయువాడు మనస్సున ఏమి తలచినాడో అది కూడ చాలదు. ఏ వాక్యము, ఏ ప్రధానముతో, ఏ సంబంధమును కల్పించినది యనునదియే నిర్ణాయకము. మన మాత్రయు నట్లే. మాలా-ఎన్ అట్టలోని మాత్రయు, టెస్ట్ ట్యూబ్ చికిత్సకు ముందిచ్చు మాత్రయు ద్రవ్యమున దాదాపు ఒక్కటే. ఒకచోట అది నిరోధమునకు స్వయముగా ఫలవంతము, రెండవచోట సంతానమునకు శేషము. అత్తగారికి ఈ సమాధానము చాలును. కోడలికి చాలదు, వైద్యునకు అసలే చాలదు.

ఏలయన అంగమగుటకు పక్కన నిలిచిన మాత్రాన చాలదు, ప్రధానమునకు ఉపకారము చేయవలెను. ఈ మాత్ర చేయుచున్నదా? 2017లో కాక్రేన్ సంస్థ, అంతవరకు జరిగిన పరీక్షలనన్నిటిని కూర్చి పరిశీలించి ప్రకటించిన సమీక్షలో, నేడు విరివిగా వాడుకలోనున్న ఆంటగోనిస్ట్ అను చికిత్సాపద్ధతిలో, ముందుగా మాత్ర పుచ్చుకొన్నవారికి గర్భము నిలిచి బిడ్డ చేతికివచ్చు అవకాశము, పుచ్చుకొననివారికంటె పెరుగకపోగా కొంత తగ్గినట్లు తేలినది. ఇతర పద్ధతులలో స్పష్టమైన లాభము గాని నష్టము గాని నిర్ధారణ కాలేదు. మాత్ర గర్భావకాశమును పెంచునను మాటకు, జాన్ రాక్ నాటినుండి వచ్చుచున్న ఆశకు, సామాన్యస్త్రీల విషయమున ఇంతే ఆధారము. ఋతుక్రమము లేనివారికి బహిష్టు తెప్పించుట, బుడగల నరికట్టుట మొదలైన పరిమిత ప్రయోజనములు నిజమైనవే. అట్టిచోట మాత్ర నిస్సందేహముగా అంగము. కాని చాలచోట్ల దాని ముఖ్యప్రయోజనము వైద్యశాల దినచర్యకు సంబంధించినది. అండసేకరణ ఆదివారము పడకుండుట, ప్రయోగశాలలో ఒకేనాడు పదిమంది పని కూడిరాకుండుట, దూరప్రాంతమునుండి వచ్చు నిపుణునికి అనుకూలముగా కొందరి చికిత్సను ఒక వారమునకు కూర్చుట: ఇవన్నియు దిననిర్ణయమువలన కలుగు సౌకర్యములు. మీమాంసకుని భాషలో ఇది క్రత్వర్థము, పురుషార్థము కాదు.

క్రత్వర్థము దోషమా? కాదు. ప్రయోగశాల సిద్ధముగా లేనినాడు తీసిన అండము ఎవరికిని ఉపకరింపదు. క్రతువు సాగుటయు యజమానుని మేలే. కాని ఈ శాస్త్రమే మరియొకటి చెప్పినది: కర్మ జరిపించు ఋత్విజులు దక్షిణ పుచ్చుకొందురు, ఫలము యజమానునిది. ఋత్విజుడు తన సౌకర్యమును యజమానుని ఫలముగా చెప్పరాదు. చికిత్సలో దేహమిచ్చునది స్త్రీ, ధనమిచ్చునది ఆ కుటుంబము. మాత్రలోని ఈస్ట్రోజెన్‌వలన రక్తపుగడ్డలు, రక్తపోటు మొదలగు అపాయము ఏ కొంచెమున్నను అది భరించునది ఆ స్త్రీయే. "గర్భం బాగా నిలుస్తుందమ్మా, వేసుకోండి" అని చెప్పి, నిజమునకు ఆదివారపు సెలవుకొరకు మాత్ర నిచ్చినచో, అది చిన్న అబద్ధమని నేననను. బ్రూక్‌లైన్‌లో సంతానచికిత్స పేరు చాటున నిరోధపరిశోధన సాగినప్పుడు జరిగినది ఇదియే: ఒకరి ఫలము పేరు చెప్పి మరొకరి ఫలమునకు దేహమును వినియోగించుట. మాత్ర స్వభావము నిర్దుష్టము, వైద్యుని సంకల్పము కూడ దుష్టము కాకపోవచ్చును. వినియోగము మాత్రము దుష్టమైనది. ప్రమాణము స్వభావసంకల్పములకు వెలుపల నున్నదని నేననుటకు కారణమిదియే.

ఇట్లు చూచినప్పుడు చర్చి పండితులు శతాబ్దములుగా అడిగిన ప్రశ్న, ఈ స్త్రీ గర్భమును నిరోధింప తలచినదా యనునది, ఇచ్చట ముఖ్యము కాకపోవుచున్నది. ఆమె ఏమి తలచినదో ఎవరికి తెలియదు? బిడ్డకొరకు ఇల్లు వాకిలి తాకట్టుపెట్టి వచ్చినదామె. ఆమెకు చీటి వ్రాసిన చేతిని అడుగవలసిన ప్రశ్న వేరు: ఇది ఎవరికి శేషము?

మన దేశమున 2021లో చేసిన సంతానసాఫల్య చికిత్సల నియంత్రణ చట్టము, సంబంధించిన వారందరి లిఖితపూర్వకమైన అంగీకారము లేనిదే చికిత్స జరుపరాదని శాసించుచున్నది. ఆ అంగీకారపత్రముల కట్టలో దంపతులు చదువకయే సంతకము చేయు పుటలు పెక్కు కలవు. అందు తెలుగున ఒక్క వాక్యము చేర్చవలసినదిగా వైద్యులను నేను కోరుచున్నాను: ఈ మాత్ర మీ ఋతుక్రమమునకో, బుడగల నివారణకో, మా దిననిర్ణయమునకో, దేనికొరకిచ్చుచున్నామో అదియు, దిననిర్ణయముకొరకే యైనచో వలదను హక్కు మీకున్నదనియు. ఆ వాక్యము లేని చీటి చేతికి వచ్చినప్పుడు, మాత్ర మ్రింగుటకు ముందు ఆ ప్రశ్నను తామే అడుగవలసినదిగా దంపతులను కోరుచున్నాను.